కథ ఎక్కడ ఆపాలి? ఆన్‌లైన్ శిక్షణపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: ఆన్‌లైన్ పాఠాన్ని కథగా చెబితే జనం చివరిదాకా ఉంటారా, ఉంటే అలాంటి కథ ఎలా తయారు చేయాలి? అడిగినవాళ్లలో నర్సింగ్ ట్యూటర్ నుంచి డాలస్‌లో తెలుగు నేర్పే తల్లి దాకా ఉన్నారు. ఒక ఉత్తరానికి పొడుగ్గా జవాబిచ్చాం. తక్కినవాళ్లకు కూడా అందులో పనికొచ్చేవి ఉంటాయి.

మా ఆసుపత్రి నర్సులకు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ మీద ఆన్‌లైన్ కోర్సు పెట్టాం. 40 నిమిషాల వీడియో, చివర క్విజ్. దాదాపు అందరూ పాసవుతున్నారు. వార్డుకెళ్లి చూస్తే మాత్రం వాడిన నీడిల్‌కి మళ్లీ క్యాప్ పెట్టడం మానలేదు. పాఠాన్ని కథగా మార్చమంటున్నారు. మారిస్తే మానేస్తారా? (నర్సింగ్ ట్యూటర్, కర్నూలు)

మీ క్విజ్‌లో ‘వాడిన నీడిల్‌కి క్యాప్ పెట్టవచ్చా?’ అనే ప్రశ్న ఉండే ఉంటుంది. పెట్టకూడదని మీ నర్సులందరికీ తెలుసు, అందుకే మార్కులొస్తున్నాయి. తెలిసిన విషయాన్ని బొమ్మలు, సంగీతం జోడించి మళ్లీ చెప్పినంత మాత్రాన ఏమీ మారదు. తెలిసీ తప్పు చేసే క్షణం ఒకటుంటుంది. కథ ఆ క్షణం దగ్గర మొదలవ్వాలి.

ఆ క్షణం పుస్తకంలో దొరకదు. నలుగురైదుగురు నర్సులను విడివిడిగా కూర్చోబెట్టి అడగండి. ‘ఎందుకు పెట్టావమ్మా’ అని అడిగితే సంజాయిషీ వస్తుంది. ‘కిందటిసారి క్యాప్ పెట్టినప్పుడు రెండో చేతిలో ఏముంది? వాడిన సూదులు వేసే డబ్బా ఎంత దూరంలో ఉంది? ఎవరు పిలుస్తున్నారు?’ అని అడిగితే సన్నివేశం వస్తుంది. సాధారణంగా బయటపడేది ఇదే: తెల్ల షార్ప్స్ డబ్బా నర్సింగ్ స్టేషన్ దగ్గరుంది, పేషెంటు వార్డు ఆ చివరన ఉన్నాడు, మధ్యలో ఇంకెవరో కేకేశారు. ఆ వివరాలతో మొదటి సన్నివేశం ఇలా ఉండవచ్చు:

రాత్రి 2:10. మేల్ మెడికల్ వార్డు. 14వ బెడ్‌కి ఇంజెక్షన్ ఇప్పుడే ఇచ్చారు. నీడిల్ మీ కుడిచేతిలో ఉంది. డబ్బా 30 అడుగుల దూరం. ఇంతలో 16వ బెడ్ అటెండెంటు కేక: ‘సిస్టర్, సెలైన్ అయిపోయింది, రక్తం పైకొస్తోంది!’

ఇక్కడ ఆపి ఏం చేస్తారని అడగాలి. ఒకటి, క్యాప్ పెట్టి ట్రేలో వేసి 16కి వెళ్లడం. రెండు, క్యాప్ లేకుండానే ట్రేలో పెట్టి వెళ్లడం. మూడు, ‘వస్తున్నా’ అని ముందు డబ్బా వైపు నడవడం. మూడూ రోజూ జరిగేవే. ‘నీడిల్‌ని కిటికీలోంచి పారేస్తారు’ లాంటి ఆప్షన్ ఒక్కటి పెట్టినా ఇది మళ్లీ క్విజ్ అయిపోతుంది.

ఫలితం రాసేటప్పుడే చాలామంది చెడగొడతారు. మొదటి ఆప్షన్ నొక్కగానే వేలికి గుచ్చుకుని రక్తం వచ్చినట్టు చూపిస్తారు. ఏళ్ల తరబడి క్యాప్ పెడుతూ ఏమీ కాని నర్సు దాన్ని చూసి నవ్వుకుంటుంది, కోర్సు మీద నమ్మకం అక్కడితో సరి. అందుకే మొదటిసారి ఏమీ కానివ్వకండి. సెలైన్ మారుస్తుంది, అటెండెంటు థాంక్స్ చెబుతాడు, కథ సాగుతుంది. తర్వాతి సన్నివేశంలో లైటు తక్కువ, చేయి అలసిపోయింది, అదే పని మళ్లీ చేయాల్సి వస్తుంది. రెండో ఆప్షన్ ఫలితం వేరొకరి మీద పడాలి: ఉదయం 6 గంటలకు ట్రే కడగబోయిన ఆయమ్మ చేతికి గుచ్చుకుంటుంది. మూడో ఆప్షన్‌లో సరైన పని చేసినందుకు అటెండెంటు విసుక్కుంటాడు, తీరా చూస్తే డబ్బా ముప్పావు గీత దాటి నిండిపోయి ఉంది. సరైన పనికి కూడా ఒక ఖర్చుంటుందని ఒప్పుకున్న కథనే అనుభవం ఉన్నవాళ్లు నమ్ముతారు.

గుచ్చుకున్న తర్వాత ఏం చేయాలన్నది మూడో నిర్ణయం. సబ్బు, నీళ్లతో కడగాలి. పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిటో బ్లీచో పోయకూడదు. వెంటనే రిపోర్టు చేయాలి. హెచ్‌ఐవీ నుంచి కాపాడే పీఈపీ మందులు వీలైతే 2 గంటల్లోపు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటాక మొదలుపెట్టి ప్రయోజనం లేదు. కథలో దీన్ని ఎలా పట్టుకోవాలంటే, ఇన్‌ఛార్జి సిస్టర్ కోపిష్టి అని ముందే తెలిసిన నర్సు ‘డ్యూటీ దిగాక ఉదయం 8కి చెబుదాం’ అనుకునేలా చేయాలి. గడియారం మూలన కనిపిస్తూ ఉంటే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

ఇక పరిమాణం సంగతి. మూడు నిర్ణయాలు, ఒక్కోదానికి మూడు దారులు అనుకుని చెట్టులా పూర్తిగా విడదీస్తే 3, 9, 27 కలిపి 39 ఫలితాలు రాయాలి. ఎవరూ పూర్తి చేయలేరు. ఫలితం చూపించిన తర్వాత దారులను మళ్లీ ఒకచోటికి కలిపేయండి. అప్పుడు 3 నిర్ణయాలు, 9 ఫలితాలు, 3 ముగింపులు, మొత్తం 15 ముక్కలు. ఒక్కో ఫలితం 20 నుంచి 30 సెకన్లు. నేర్చుకునే మనిషికి 6 నుంచి 8 నిమిషాల్లో అయిపోతుంది. ముందు 15 కాగితం చీటీల మీద రాసి నేల మీద పరిచి, కోర్సు గురించి తెలియని ఒక నర్సుతో ఆడించండి. తర్వాత ట్వైన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించండి. జంట చదరపు బ్రాకెట్లలో తర్వాతి సన్నివేశం పేరు రాస్తే అదే లింకు అవుతుంది. మీ కోర్సు మూడుల్ (Moodle) అనే కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఉంటే, చివరి రూపానికి అందులో పనిచేసే హెచ్5పీ అనే పనిముట్టులోని బ్రాంచింగ్ సినారియో (దారులు చీలే కథ) వాడండి.

ఒక మాట ముందే చెప్పాలి. డబ్బా 30 అడుగుల దూరంలో ఉన్నంతకాలం ఎంత మంచి కథైనా సగమే పని చేస్తుంది. ఇంజెక్షన్ ట్రాలీ మీదే, చేతికందే దూరంలో షార్ప్స్ డబ్బా ఉండాలి. మీ మొదటి సన్నివేశాన్ని సూపరింటెండెంటుకు చూపించి డబ్బాలు అడగండి. కోర్సు కంటే అవి చవక.

వ్యవసాయ శిక్షణ వీడియోలు ఎంత నిడివి ఉండాలి? ఒకరు 3 నిమిషాలంటారు, ఇంకొకరు 10 అంటారు. రైతు కథ పెడితే బాగుంటుందని మొదట్లో పొలం, పల్లె, పాట అన్నీ పెట్టాం. చూసినవాళ్లు బాగుందంటారు, విషయం అడిగితే చెప్పలేరు. (శిక్షకుడు, అనంతపురం)

నిడివి గురించి అందరూ ఉదహరించేది 2014లో ఫిలిప్ గువో బృందం ఎడెక్స్ అనే వేదికలోని ఆన్‌లైన్ కోర్సుల మీద చేసిన అధ్యయనం. 69 లక్షల వీక్షణలను పరిశీలిస్తే, వీడియో ఎంత పొడుగున్నా మధ్యస్థంగా చూసే సమయం 6 నిమిషాలు మించలేదు. కానీ అది ఒంటరిగా కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థుల లెక్క, అదీ చూసినంతసేపటి లెక్కే. ఎంత నేర్చుకున్నారన్నది అందులో లేదు. మీ రైతులు చూసే తీరు వేరు. 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ప్రాజెక్టుగా మొదలై, తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి వ్యవసాయానికి కూడా పనిచేసిన డిజిటల్ గ్రీన్ పద్ధతిలో 8, 10 నిమిషాల వీడియోను గుంపుగా కూర్చోబెట్టి చూపిస్తారు. పక్కన ఒక మనిషి ఉండి మధ్యమధ్య ఆపి అడుగుతుంటారు. అలా ఆపేవాళ్లుంటే 10 నిమిషాలు ఎక్కువేం కాదు. ఎవరికి వాళ్లు ఫోన్లో చూసుకునేదైతే 3, 4 నిమిషాలకు కోయండి.

రెండో బాధకు కారణం మీ ఉత్తరంలోనే ఉంది. పాఠానికి సంబంధం లేని ఆసక్తికర వివరాలు పాఠాన్నే మింగేస్తాయని పరిశోధకులు రిచర్డ్ మేయర్, షానన్ హార్ప్ 1998లో చూపించారు. మెరుపు ఎలా పుడుతుందో చెప్పే పాఠంలో పిడుగుపాటు కబుర్లు చేర్చితే, చదివినవాళ్లకు అసలు విషయం తక్కువ గుర్తుంది. పొలం, పల్లె, పాట కూడా ఇలాంటివే.

అయితే రైతును తీసేయకండి, తీసేయాల్సింది అలంకారాన్ని. వీడియోలో మనిషి కనిపించగానే రైతులు ముందు అడిగేది ‘ఆయనది ఏ ఊరు?’ అని. కాబట్టి మొదటి 15 సెకన్లలో ఊరు, ఎన్ని ఎకరాలు, నీటి వసతి ఏమిటి అన్నవి చెప్పించండి. ఆ తర్వాత నేరుగా సమస్యలోకి వెళ్లాలి. ప్రకృతి వ్యవసాయంలో పొలానికి వాడే ద్రవ జీవామృతమే తీసుకుందాం. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుధాన్యపు పిండి, గుప్పెడు గట్టుమట్టి. ఇవి వరసగా చదివితే ఎవరికీ గుర్తుండదు. రైతు డ్రమ్మును ఎండలో పెట్టాడు, మూత బిగించేశాడు, కలపడం మరిచాడు. రెండు రోజులకు మూత తీశాడు. అక్కడ ఆపండి: ‘ఏం తేడా చేశాడు?’ చూస్తున్నవాళ్లు తప్పులు పట్టడం మొదలుపెడతారు. నీడ, గోనెపట్టా, రోజుకు రెండుసార్లు కలపడం వాళ్ల నోటి నుంచే వస్తాయి. కొలతలు చివర ఒక్క తెరమీద, స్క్రీన్‌షాట్ తీసుకోవడానికి వీలుగా 10 సెకన్లు నిలపండి.

ఫోన్‌తోనే రికార్డు చేస్తాం. గొంతు గుహలోంచి వచ్చినట్టుంది. ఎడిటింగ్‌లో తెలుగు అక్షరాల ఒత్తులు విడిపోతున్నాయి. ఫైలు పెద్దదై పల్లెల్లో తెరుచుకోదు. (ప్రభుత్వ ఉపాధ్యాయిని, ఖమ్మం)

ఈ మూడింటిలో ముందు బాగుచేయాల్సింది గొంతు. బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట స్పష్టంగా లేకపోతే మూసేస్తారు.

గుహ శబ్దం ఖాళీ గోడల వల్ల వస్తుంది. బట్టల బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చోండి, వెనక ఒక బొంత వేలాడదీయండి. ఫోను నోటికి జానెడు దూరంలో, నేరుగా కాకుండా కాస్త పక్కకు ఉండాలి. నేరుగా పెడితే ‘ప’, ‘ఫ’ అన్నప్పుడల్లా గాలి మైకును కొడుతుంది. ఫ్యాను ఆపండి, ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మాట్లాడే ముందు 10 సెకన్లు మౌనంగా రికార్డు చేయండి. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఆ మౌనాన్ని ఎంచుకుని నాయిస్ ప్రొఫైల్ తీసుకుని, తర్వాత మొత్తం ఎంచుకుని నాయిస్ రిడక్షన్ 6 నుంచి 12 డెసిబెల్స్ మధ్య వాడండి. ఇంకా పెంచితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది. అన్నట్టు, ఇంగ్లీషు వాళ్ల ‘నిమిషానికి 150 మాటలు’ లెక్క మనకు పనికిరాదు, తెలుగు మాటలు పొడుగు. నిమిషానికి 90 నుంచి 110 మాటలు అనుకుని స్క్రిప్టు రాసి, గడియారం పెట్టుకుని పైకి చదివి చూసుకోండి.

ఒత్తులు విడిపోతున్నాయంటే ఆ ఎడిటింగ్ యాప్‌కు తెలుగు అక్షరాలను కలిపే పద్ధతి తెలియదని అర్థం. ఫాంటు మార్చినా సాధారణంగా ప్రయోజనం ఉండదు. అక్షరాలు సరిగ్గా వచ్చే వేరే యాప్‌లో టైటిల్ తయారు చేసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి వీడియో మీద పెట్టండి. డీటీపీ సెంటర్ నుంచి అను ఫాంటులో వచ్చిన పాఠాన్ని నేరుగా అతికించకండి, ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర ఉచితంగానే దొరుకుతాయి. చిన్న తెరకు సన్నటి గీతల ఫాంటు వద్దు. వరసల మధ్య దూరం కాస్త ఎక్కువ పెట్టకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. సబ్‌టైటిల్స్ ఫైలును యూటీఎఫ్-8గా సేవ్ చేయండి, లేదంటే అన్నీ ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి.

ఫైలు సైజుకు లెక్క ఉంది. సెకనుకు 1 మెగాబిట్ వేగంతో చేసిన వీడియో నిమిషానికి 7.5 ఎంబీ అవుతుంది, 4 నిమిషాలకు 30 ఎంబీ. మీది ఫొటోలు, గొంతు మాత్రమే ఉన్న పాఠమైతే 400 కిలోబిట్లు సరిపోతాయి, అంటే నిమిషానికి 3 ఎంబీ. మోనో ఆడియోకు 64 కిలోబిట్లు చాలు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ కుదించేసి అక్షరాలను మసక చేస్తుంది.

కథలో పాత్రలకు యాస పెడితే సహజంగా ఉంటుందని పెట్టాం. శ్రీకాకుళం నుంచి కొందరు బాధపడుతూ ఫోన్లు చేశారు. యాస తీసేయాలా? (పారిశ్రామిక భద్రతా శిక్షకుడు, విశాఖపట్నం)

తీసేయకండి, పంచండి. మీ కథలో ఎవరు ఏ యాస మాట్లాడుతున్నారో ఒక కాగితం మీద రాసుకుని చూడండి. హెల్మెట్ పెట్టుకోనివాడు, మిషను ఆపకుండా చెయ్యి పెట్టినవాడు ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడి, వాడిని దిద్దే సేఫ్టీ ఆఫీసరు ‘పుస్తకాల తెలుగు’ మాట్లాడుతుంటే వాళ్లు బాధపడటంలో న్యాయం ఉంది. సినిమాల్లో తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర యాసలకు ఏళ్ల తరబడి హాస్యగాడి వేషమో రౌడీ వేషమో వేసి అలవాటు చేశారు, అదే మన స్క్రిప్టుల్లోకి తెలియకుండా దిగుతుంది. సూపర్‌వైజర్‌కు శ్రీకాకుళం మాట ఇవ్వండి, తప్పు చేసేవాడికి మీ సొంత ఊరి మాట ఇవ్వండి. ఆ యాసను ఆ ప్రాంతపు మనిషితోనే చెప్పించాలి, అనుకరణ ఇట్టే తెలిసిపోతుంది. మరమ్మతు వేళ మిషను ఎవరూ ఆన్ చేయకుండా తగిలించే లాకౌట్ ట్యాగు మీద ఏం రాయాలి, ఏ వాల్వు ముందు మూయాలి లాంటి సూచనలను మాత్రం అందరికీ తెలిసిన మాటల్లో, పాత్ర చేత కాకుండా తెరమీద చూపించండి.

ఇంకోటి: తప్పు చేసేవాడు ప్రతిసారీ కొత్త కుర్రాడో, కాంట్రాక్టు కూలీయో కాకూడదు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాడు ధీమాతో చేసే తప్పు చూపిస్తే సీనియర్లు కూడా సర్దుకుని కూర్చుంటారు. ‘మాకు బొమ్మల కథలేంటి, మేం చిన్నపిల్లలమా’ అనే మాట కూడా దాంతో తగ్గుతుంది. అప్పటికీ అంటుంటే కార్టూన్లు తీసేసి మీ ప్లాంటు ఫొటోలే పెట్టండి.

స్వయం సహాయక సంఘాల బుక్ కీపర్లకు జూమ్‌లో సైబర్ మోసాల మీద గంట క్లాసు. 60 మంది, కెమెరాలన్నీ ఆఫ్. కథ చెబుతున్నా ఉన్నారో లేరో తెలియదు. (బ్యాంకు శిక్షకురాలు, వరంగల్)

బుర్రకథలో కథకుడు ఒక్కడే ఉండడు. అటూ ఇటూ ఇద్దరు వంతలుంటారు, ఒకరు హాస్యం పట్టిస్తే ఇంకొకరు ‘ఇప్పటి సంగతేమిటి’ అని అడ్డం వస్తారు. జనం అడగాల్సిన ప్రశ్న వాళ్లు అడుగుతారు. జూమ్‌లో మీ పక్కన అలాంటి మనిషి ఒకరు ఉండాలి. రెండో శిక్షకురాలు బుక్ కీపర్ పాత్రలో ఉండి, ‘అక్కా, మెసేజ్ బ్యాంకు పేరుతోనే వచ్చింది కదా, ఎందుకు నమ్మొద్దు?’ అని గట్టిగా వాదించాలి. ఊరికే తలూపే మనిషైతే దండగ.

గంట క్లాసులో కథను 4, 5 నిమిషాల మూడు ముక్కలు చేయండి. మొదటి ముక్క: సంఘం మీటింగు మధ్యలో ఫోను. ‘మీ కేవైసీ అప్‌డేట్ కాలేదు, సాయంత్రం 5 గంటలకు అకౌంట్ బ్లాక్ అవుతుంది. వాట్సాప్‌లో ఒక ఫైలు పంపాను, ఇన్‌స్టాల్ చేసుకోండి.’ ఆ ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అని ఉంది, అంటే అది ఫోన్లో యాప్‌ను దింపే ఫైలు. ఆపండి. ‘1 ఇన్‌స్టాల్ చేస్తాను, 2 బ్రాంచికి ఫోన్ చేస్తాను, 3 వాళ్ల నంబరుకే తిరిగి చేసి కనుక్కుంటాను.’ చాట్‌లో అంకె మాత్రమే కొట్టమనండి, తెలుగు టైపింగ్ రానివాళ్లు కూడా కొట్టగలరు. కొట్టి ఆగమని, మీరు ‘పంపండి’ అన్నాక అందరినీ ఒకేసారి పంపమనండి. లేకపోతే మొదటి ఇద్దరు ఏం కొడితే అందరూ అదే కొడతారు. 3 కొట్టినవాళ్లలో ఒకరిని పేరుతో పిలిచి ‘ఎందుకక్కా’ అని అడగండి. అసలు పాఠం అక్కడుంది, ఎందుకంటే కనుక్కోవడం మంచిదే కానీ మోసగాడినే అడిగి కనుక్కుంటున్నారు. నంబరు పాస్‌బుక్ మీద చూసుకోవాలి.

చివరి ముక్కలో డబ్బు పోయిన తర్వాతి గంట చూపించండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి, తర్వాత బ్యాంకుకు. సిగ్గుతో రెండు రోజులు దాచుకున్న పాత్రను, వెంటనే ఫోన్ చేసిన పాత్రను పక్కపక్కన పెడితే మీరు విడిగా చెప్పాల్సింది ఉండదు.

నిజంగా జరిగిన కేసునే పేరు మార్చి వాడవచ్చా? (కౌన్సెలర్, నెల్లూరు)

పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. చిన్న మండలంలో ఊరు, జబ్బు, ఏడాది మూడూ ఉంటే ఎవరో ఇట్టే చెప్పేస్తారు. ముగ్గురు నలుగురి అనుభవాలు కలిపి ఒక పాత్ర చేయండి, వృత్తి, వయసు, కుటుంబం మార్చండి. నిజమైన మనిషి గొంతు, ఫొటో వాడితే రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఎక్కడెక్కడ, ఎంతకాలం చూపిస్తారో అందులో ఉండాలి, తర్వాత వద్దంటే తీసేస్తామన్న మాట కూడా ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు ఇస్తోంది. అనుమతి అడిగేది చికిత్స చేసే డాక్టరైతే పేషెంటు కాదనలేడు, వేరేవాళ్లతో అడిగించండి.

డాలస్‌లో వారాంతాల్లో 10 నుంచి 13 ఏళ్ల పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు చెబుతాను. మేం కథ చెబితే వింటారు, తెలుగులో నోరు మాత్రం విప్పరు. (ఒక తల్లి, టెక్సస్)

అయితే కథ మీరు చెప్పడం మానేసి వాళ్లతో చెప్పించండి. డిజిటల్ స్టోరీటెల్లింగ్ అసలు మొదలైంది అలాగే. 1990లలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో డేనా ఆచ్లీ, జో లాంబర్ట్ తదితరులు మామూలు మనుషులను కూర్చోబెట్టి, సొంత గొంతుతో, ఇంట్లోని ఫొటోలతో రెండు మూడు నిమిషాల కథలు చేయించారు. వాళ్లు పెట్టిన కేంద్రమే తర్వాత స్టోరీసెంటర్ అని పేరు మార్చుకుంది.

మీ పిల్లలకు 5 వారాలు పెట్టుకోండి. మొదటి వారం ఒక్కొక్కరు ఒక పాత ఫొటో తెచ్చి ‘ఇందులో నాకు తెలియనిది ఏమిటి’ అని ఒక ప్రశ్న రాసుకోవాలి. ‘అమ్మమ్మ గురించి’ అంటే వ్యాసం వస్తుంది, ‘ఈ ఫొటోలో అమ్మమ్మ ఎందుకు నవ్వడం లేదు?’ అంటే కథ వస్తుంది. రెండో వారం అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్. వేసవిలో డాలస్‌లో శనివారం ఉదయం 8 అయితే ఇక్కడ సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. వీడియో కాల్ శబ్దాన్ని రికార్డు చేయబోకండి, తెగిపోతుంటుంది. ఇక్కడ అమ్మమ్మ పక్కన ఉన్నవాళ్లు ఇంకో ఫోన్‌లో రికార్డు చేసి పంపాలి. మూడో వారం స్క్రిప్టు, 120 నుంచి 150 మాటలు, ఎక్కువ వద్దు. తెలుగు లిపి రానివాళ్లు తమకు వచ్చిన అక్షరాల్లోనే రాసుకోనివ్వండి, పరీక్ష నోటికి కానీ రాతకు కాదు. నాలుగో వారం గొంతు రికార్డు, 10 నుంచి 12 ఫొటోలు. పాత ఫొటోను అద్దం ఫ్రేములోంచి తీసి, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, ఫోను ఫొటోకు సమాంతరంగా పట్టుకుని తీయాలి. అయిదో వారం అందరూ చూడటం, అమ్మమ్మలను కూడా పిలిచి.

ఉచ్చారణ దిద్దడం మీకు పెద్ద ప్రలోభం. ‘ళ’, ‘ణ’ పలకలేదని ఆరుసార్లు చెప్పిస్తే ఏడోసారి ఆ పిల్ల మైకు ముందుకు రాదు. అర్థం మారిపోయే చోట మాత్రమే ఒకసారి దిద్దండి. తల్లిదండ్రులు స్క్రిప్టు రాసిచ్చినట్టు అనుమానం వస్తే చూడటానికి తేలిక మార్గం ఉంది. ‘తదనంతరం’, ‘మధురస్మృతులు’ లాంటి మాటలుంటే అది పిల్ల రాసింది కాదు.

ఏఐ గొంతుతో పాఠం చదివిస్తే తప్పా? (కంటెంట్ డెవలపర్, హైదరాబాద్)

ప్రతి నెలా మారే సూచనలకు, ధరలకు, తేదీలకు పర్లేదు, మళ్లీ రికార్డు చేసే శ్రమ తప్పుతుంది. పాత్రల మాటలకు వద్దు. భయం, మొహమాటం, దబాయింపు తెలుగులో ‘ఏమండీ’, ‘ఏమయ్యా’ అనే తీరులోనే ఉంటాయి, అక్కడ యంత్రం చప్పబడిపోతుంది. అంకెలను, పొట్టి అక్షరాలను ఎలా పలుకుతుందో తప్పక విని చూడండి. ‘5 ఎంఎల్’ను ‘అయిదు మిల్లీలీటర్లు’ అని విడమరచి రాస్తే ఇబ్బంది ఉండదు. మందుల మోతాదున్న పాఠాన్ని మాత్రం మనిషి మొత్తం వినకుండా విడుదల చేయకండి.

హెచ్5పీలో కథ పెట్టాం. పూర్తి చేశామని 30 మంది చెబుతున్నారు, మూడుల్ రికార్డులో 11 మందికే మార్కులున్నాయి. (ట్రైనింగ్ కోఆర్డినేటర్, గుంటూరు)

వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఇంటరాక్టివ్ వీడియో అయితే చివర వచ్చే తెరమీద ‘సబ్మిట్’ నొక్కితేనే మార్కులు చేరతాయి. వీడియో అయిపోయిందని కిటికీ మూసేస్తే చేరవు. బ్రాంచింగ్ సినారియోలో ముగింపు తెర దాకా వెళ్లాలి, అదీగాక స్కోరింగ్ సెట్టింగు ‘వద్దు’ మీద ఉంటే ఎంత ఆడినా అంకె రాదు. ఏదో ఒక దారికి ముగింపు తెర తగిలించడం మరిచారేమో కూడా చూడండి. ఆ దారిలో వెళ్లినవాళ్లందరికీ మార్కులు గల్లంతవుతాయి. విద్యార్థి లాగిన్‌తో ప్రతి దారీ ఒకసారి నడిచి, ప్రతిసారీ గ్రేడ్‌బుక్ తెరిచి చూస్తే ఏ దారిదో తెలుస్తుంది. చివరి డైలాగు తర్వాత గొంతుతోనే ‘కింద నీలం బటన్ నొక్కండి’ అని చెప్పించండి, బటన్ రంగు మీ సైట్లో ఏదైతే అది.